ఒకే టీచరు, ఐదు తరగతులు: చిన్న ఊరి బడిలో రోజును నడిపే పద్ధతి

ఒక మామూలు లెక్కతో మొదలుపెడదాం. బడిలో 24 మంది పిల్లలు: ఒకటిలో ఆరుగురు, రెండులో నలుగురు, మూడులో ఐదుగురు, నాలుగులో ఆరుగురు, ఐదులో ముగ్గురు. గది ఒకటి, వరండా ఒకటి, టీచరు ఒక్కరే. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. అయినా తండాల్లో, గూడేల్లో, చిన్న పల్లెల్లో ఒక్కరి మీదే నడిచే బళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అలాంటి బడికి పోస్టింగ్ వచ్చినవాళ్ల కోసం ఇది రాస్తున్నాం.

45 నిమిషాల పీరియడును ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి 9 నిమిషాలు వస్తాయి. పుస్తకాలు తీయించి పేజీ చూపించేసరికే అందులో సగం అయిపోతుంది. మిగతా 36 నిమిషాలు ఆ తరగతి పిల్లలు నల్లబల్ల మీదున్నది ఎక్కించుకుంటూనో, ఒకరినొకరు గిల్లుకుంటూనో కూర్చుంటారు. అందుకే ఏకోపాధ్యాయ బడిలో పాఠం ఎలా చెప్పాలన్నది రెండో ప్రశ్న. మనం పక్కన లేని ఆ 36 నిమిషాల్లో పిల్లల చేతిలో ఏ పని ఉండాలన్నది మొదటిది. ఆ పని ముందే సిద్ధమై ఉంటే ఐదు తరగతులూ నడుస్తాయి. లేకపోతే ఎంత బాగా చెప్పే టీచరైనా మధ్యాహ్నానికి గొంతు పోగొట్టుకుంటారు.

మొదటి వారం: ఎవరెక్కడున్నారో చూడటం

మొదటి వారం పాఠ్యపుస్తకం తెరవకండి. పెద్ద పిల్లలకు బొమ్మలు, కథల పుస్తకాలు ఇచ్చి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి 5 నుంచి 7 నిమిషాలు చూడండి. 24 మందికి రోజుకు ఐదారుగురు చొప్పున నాలుగైదు రోజుల్లో అయిపోతుంది.

చదవడంలో మెట్లు ఐదు: ఏమీ గుర్తుపట్టలేకపోవడం, అక్షరాలు, పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ. లెక్కల్లో: 9 వరకు అంకెలు, 99 వరకు సంఖ్యలు, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పై మెట్టు నుంచి కిందికి దిగకండి. కింది నుంచి పైకి వెళ్లండి, ఆగిన చోట ఆపండి. మొదటే కథ చేతికిచ్చి తడబడేలా చేస్తే ఆ పిల్ల తర్వాత నోరు తెరవదు.

పాఠ్యపుస్తకంలోని పేరాతో మాత్రం పరీక్షించకండి. అది చాలామందికి కంఠతా వచ్చేసి ఉంటుంది. కంఠస్థానికీ చదవడానికీ తేడా తెలియాలంటే ప్రార్థనలో రోజూ చెప్పే ప్రతిజ్ఞను పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి ముందు పెట్టండి. (1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు దాన్ని మొదట రాసింది తెలుగులోనే, ఇది మన పిల్లలకు చెప్పాల్సిన సంగతి.) పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా మొత్తం అప్పజెబుతాడు. అప్పుడు మూడో వరుస మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి 'ఇదేంటి నాన్నా?' అని అడగండి. మొదటి నుంచి మళ్లీ వల్లించుకుంటూ వస్తే, అతనికి చదవడం ఇంకా రాలేదన్నమాట.

ఇలా చూశాక ఐదు తరగతులు మూడు గుంపులుగా తేలతాయి: అక్షరాల గుంపు, పదాల గుంపు, చదివే గుంపు. నాలుగో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులోకి రావచ్చు, రెండో తరగతి పిల్ల చదివే గుంపులోకి పోవచ్చు. తెలుగుకు ఒక గుంపు, లెక్కలకు ఇంకో గుంపు అయినా పర్వాలేదు. గుంపులకు పాలపిట్ట, రామచిలుక, గోరింక లాంటి పేర్లు పెట్టండి. 'వెనకబడ్డ గుంపు' అనే మాట మన నోటి నుంచి ఒక్కసారి వచ్చినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆ పిల్లల్ని ఆ పేరుతోనే పిలుస్తారు. హాజరు పట్టీలో తరగతి తరగతిగానే ఉంటుంది, కూర్చోవడం మాత్రం గుంపుగా.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పల్లె బళ్లలో పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద మెట్ల పటం పెట్టి, ఎవరి మెట్టు నుంచి వాళ్లు ఎక్కేలా చేశారు. ఆ దారిలోనే తర్వాత తమిళనాడు ప్రభుత్వ బళ్లూ నడిచాయి. మనం అంత పెద్ద ఏర్పాటు చేయలేకపోయినా దాని సూత్రం వాడుకోవచ్చు.

గది

ఉన్న గోడలే మన సామాను. నేల నుంచి ఒక అడుగు వదిలి నాలుగు అడుగుల ఎత్తు వరకు గోడకు నల్లబల్ల రంగు వేయించండి. ఒక్కో పిల్లకు రెండడుగుల వెడల్పు లెక్కన 24 అడుగుల గోడ ఉంటే 12 మంది ఒకేసారి రాయగలరు. సున్నం మీద నేరుగా రంగు వేస్తే మొదటి వానాకాలానికే పెచ్చులూడుతుంది. ముందు సున్నం పూర్తిగా గీకించి, గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ఒక రోజు తేడాతో రెండు పూతలు వేయించాలి. ఆరాక వెంటనే రాయనివ్వకండి. సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని గోడంతా రుద్ది, పొడి గుడ్డతో తుడిచేయండి. అలా చేయకుండా మొదట రాసిన అక్షరాలు ఎన్ని సార్లు తుడిచినా నీడలా కనిపిస్తూనే ఉంటాయి.

మూడు గుంపులకు మూడు చాపలు. అక్షరాల గుంపు మీకు అందే చోట, చదివే గుంపు వరండాకు దగ్గర్లో. మూడు చాపలనూ ఒకే చూపులో చూడగలిగే చోట మీ కుర్చీ ఉండాలి, అయితే అందులో కూర్చునేది తక్కువ. పలకలు తుడవడానికి పిల్లలు బయటి కుళాయికి పరిగెత్తడం వల్ల గంటకు పది నిమిషాలు పోతాయి. మూతకు మేకుతో రంధ్రం చేసిన నీళ్ల సీసా, ఒక పాత గుడ్డ ప్రతి చాప దగ్గరా ఉంచితే ఆ తిరుగుడు ఆగుతుంది.

రోజు ఎలా నడవాలి

ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలని అదే చట్టం చెబుతుంది. అంటే రోజుకు నికరంగా 4 గంటలు. బడి 9కి మొదలై 4కి వదిలితే ఆ నాలుగు గంటలు దక్కాలి. ప్రార్థన, హాజరు 9:20కల్లా ముగించండి. 10:40 వరకు తెలుగు, ఇంటర్వెల్ తర్వాత 10:50 నుంచి 12:10 వరకు లెక్కలు, భోజనం, 1 గంట నుంచి 40 నిమిషాలు కథల పుస్తకాలు, ఆ పైన గంటసేపు పరిసరాల విజ్ఞానం లేదా ఇంగ్లీషు, చివర్లో ఆటలు, మొక్కలు, బొమ్మలు. చదువుకు 260 నిమిషాలు వచ్చాయి. నికరపు నాలుగు గంటల మీద 20 నిమిషాలు మిగిలాయి, అవి ఎటూ రిజిస్టర్లు మింగేస్తాయి.

80 నిమిషాల తెలుగును ఇలా కోయండి. మొదటి 10 నిమిషాలు అందరూ కలిసి: ఒక పాట, ఒక పొడుపు కథ, లేదా ఒక కథ. తర్వాత 20 నిమిషాల చుట్లు మూడు. ప్రతి చుట్టులో మీరు ఒక గుంపుతో పూర్తిగా కూర్చుంటారు, రెండో గుంపు సొంతంగా సాధన చేస్తుంది, మూడోది జంటలుగా పని చేస్తుంది. చివరి 10 నిమిషాలు పలకలు, నోటు పుస్తకాలు చూడటం.

చుట్టు మొదలుపెట్టే వరుస ముఖ్యం. చదివే గుంపు పని బెల్లు కొట్టకముందే బోర్డు మీద ఉండాలి. వాళ్లు చదువుకుని మొదలుపెట్టగలరు. రెండు నిమిషాల్లో పదాల గుంపుకు కార్డులు ఇచ్చి, అక్షరాల గుంపుతో కూర్చోండి. చిన్నపిల్లలు ఆగలేరు కాబట్టి మొదటి చుట్టు వాళ్లదే. ఇది తలకిందులు చేసి పెద్దవాళ్లతో మొదలుపెడితే, ఐదో నిమిషానికి ఒకటో తరగతి పిల్ల వచ్చి చీర కొంగు పట్టుకుని లాగుతుంది.

మీరు ఒక గుంపుతో ఉన్నప్పుడు మిగతావాళ్లు వచ్చి సందేహాలు అడగకూడదన్న నియమం మొదటి రోజు నుంచే పెట్టండి. 'ముందు పక్కవాళ్లను అడుగు, తర్వాత గుంపు నాయకుణ్ని అడుగు, అప్పుడు నా దగ్గరకు రా.' ఇది అలవాటు కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఈలోపు గది సంతలా ఉంటుంది. ఆ గోలకు భయపడి చాలామంది పద్ధతి వదిలేసి మళ్లీ బెత్తం, చూచిరాత పట్టుకుంటారు. పని గురించి మాట్లాడుకునే గోల మంచిదే. దాన్ని అణచాల్సిన పనిలేదు.

గుంపు నాయకుల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఐదో తరగతిలో చురుకైన ఆడపిల్ల ఒకామె ఉంటే, ఏడాదంతా ఆమెతోనే చిన్నపిల్లలకు చెప్పిస్తుంటారు. ఆమె చదువు ఎవరు చూస్తారు? నాయకులను వారం వారం మార్చండి, ఒకరికి రోజుకు 20 నిమిషాలు దాటనివ్వకండి. నాయకుడి పని కార్డులు పంచడం, జవాబు కార్డుతో సరిచూడటం. పాఠం చెప్పడం ఆ పిల్లల పని కాదు.

తెలుగు: అక్షరం దగ్గర ఎక్కువ సేపు ఆగాలి

అ నుంచి ఱ వరకు వరసగా దిద్దించడం ఇప్పటికీ చాలా బళ్లలో నడుస్తోంది. ఆరు నెలలు దిద్దినా ఒక్క మాట చదవలేని పిల్లలు అక్కడే తయారవుతారు. గుణింతం అవసరం లేకుండా మాటలయ్యే అక్షరాలతో మొదలుపెట్టండి. మొదట త, ల, క, ప, డ. వీటితోనే తల, కల, పలక, పడక వచ్చేశాయి. తర్వాత గ, న, ర చేరిస్తే తలగడ, నడక, గరక. ఆ పైన వ, ఇంకో వారం ఆగి మ: పడవ, కడవ, మడత, మరక. పది అక్షరాలకే కడప అన్న ఊరి పేరు కూడా చదివేస్తారు. ఆ సంతోషం పిల్లల ముఖంలో చూడాల్సిందే.

ప, వ, మ, య ఒకే పోలికలో ఉంటాయి కాబట్టి ఒకే వారంలో నేర్పకూడదు. ద, ధ, థ కూడా అంతే. ఒకటి గట్టిపడ్డాకే రెండోది చూపాలి. రెండూ కలిసి కనిపించాక పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో పిల్లలతోనే చెప్పించండి. 

గుణింతాల దగ్గర పెద్ద చిక్కు వల్లెవేయడం. 'పూ' ఏదని అడిగితే ప, పా, పి, పీ అని లెక్కపెట్టుకుంటూ వెళ్లే పిల్లకు గుణింతం రానట్టే. ఒక అక్షరానికి అన్ని గుర్తులూ ఒకేసారి కాకుండా, ఒక గుర్తును తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టించండి. ఈ వారమంతా దీర్ఘమే. హ్రస్వ దీర్ఘాల తేడా చెవికి పట్టాలంటే జంట మాటలు వాడండి: వడ, వాడ, పురి, పూరి, మెడ, మేడ, కొన, కోన. మీరు ఒకటి పలకండి, పిల్లలు సరైన కార్డు పైకెత్తాలి. ఎ, ఏలకూ ఒ, ఓలకూ రాతలో తేడా చిన్నది, అందుకే ఈ రెండు జంటలకు మిగతావాటికన్నా రెట్టింపు రోజులు కేటాయించండి.

వత్తుల్లో త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలిక ఉండదు. వాటిని వెనక్కి పెట్టి, తలకట్టు తీసేస్తే చాలనిపించే వత్తులతో మొదలుపెట్టండి: గడ్డ, అవ్వ, ముగ్గు, చెప్పు. 'అమ్మ' మాత్రం పిల్లలు ఎలాగూ బొమ్మలా గుర్తుపట్టేస్తారు, దాన్ని ఆపక్కర్లేదు.

కార్డులకు డబ్బు పెట్టక్కర్లేదు. పాత శుభలేఖల అట్ట దీనికి సరిగ్గా సరిపోతుంది. 4 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల ఎత్తు ముక్కలుగా కోసి ఒకవైపు మాట, వెనకవైపు బొమ్మ వేస్తే పిల్లలు తమకు తామే సరిచూసుకుంటారు. స్కెచ్ పెన్ను రంగు చెమట చేతులకు అలుక్కుపోతుంది, పర్మనెంట్ మార్కరుతోనే రాయండి. పది అక్షరాల మొదటి మెట్టుకు 40 కార్డుల కట్టలు మూడు ఉంటే ఒక గుంపుకు సరిపోతాయి.

ఇంట్లో లంబాడీ, కోయ, గోండి, సవర మాట్లాడే పిల్లలకు అక్షరం కష్టం కాదు, మాటకు అర్థం తెలియకపోవడం కష్టం. 'గడప' చదివేస్తారు, అదేంటో తెలియదు. మొదటి రెండు నెలలు వాళ్ల మాట, తెలుగు మాట పక్కపక్కన పెట్టి చెప్పండి. వాళ్ల మాటను తెలుగు లిపిలోనే కార్డు మీద రాయండి. ఊళ్లో పెద్దవాళ్లను పిలిచి వాళ్ల భాషలో ఒక కథ చెప్పించుకుని, దాన్ని పిల్లల చేత తెలుగులో చెప్పిస్తే పాఠ్యపుస్తకం ఇవ్వలేని తెలుగు వస్తుంది.

లెక్కలు: పుల్లలు, కట్టలు

ఒక కొబ్బరి ఈనెల చీపురు కొనండి. ఈనెలను నాలుగంగుళాల ముక్కలుగా కత్తిరించి, కొసలను గచ్చు మీద రుద్ది మొనలు పోగొట్టండి. పది పుల్లల కట్టలు 9, విడి పుల్లలు 10 కలిపి ఒక సెట్టు. ఇలాంటివి ఆరు చాలు. రబ్బరు బ్యాండ్లు ఎండాకాలానికి పొడిపొడిగా తెగిపోతాయి. పాత సైకిలు ట్యూబును సన్నగా కోస్తే వచ్చే చక్రాలు ఏళ్ల తరబడి ఉంటాయి.

52లోంచి 27 తీయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేశారు. 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకో' అని పదిసార్లు చెప్పినా మారదు, ఎందుకంటే ఆ అప్పు పది అని వాళ్లకు కనబడలేదు. ఐదు కట్టలు, రెండు పుల్లలు చేతిలో పెట్టి 27 ఇమ్మనండి. ఏడు పుల్లలు లేవని వాళ్లే గమనిస్తారు, వాళ్లే ఒక కట్ట విప్పుతారు. 12లోంచి 7 ఇస్తే 5, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు ఇస్తే రెండు. పుల్లలతో వారం రోజులు చేశాక పలక మీదికి రండి. ఒకే రోజు పుల్లలు చూపించి, అదే రోజు లెక్క రాయమంటే రెండిటికీ సంబంధం కుదరదు.

ఇంకో తప్పు: 'నూట ఎనిమిది' అంటే 1008 అని రాయడం. విన్నది విన్నట్టు 100 రాసి పక్కన 8 పెట్టారు. వందల, పదుల, ఒకట్ల గళ్లు గీసి, ఖాళీ గడిలో సున్నా పెట్టించడమే దీనికి మందు. తొంభైకీ తొమ్మిది వందలకూ మధ్య తికమక కూడా అలాంటిదే.

మధ్యాహ్నం ఆటల వేళ అష్టాచెమ్మా, వామనగుంటలు ఆడనివ్వండి. పద్నాలుగు గుంటల్లో చింతగింజలు పంచుతూ పోయే పిల్ల, ఎక్కడ మొదలుపెడితే ఎక్కడ ముగుస్తుందో ముందే లెక్క కడుతుంది. ఆ కూడిక పుస్తకంలో చేయించలేం.

భోజనం

ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. 24 మందికి 2 కిలోల 400 గ్రాముల బియ్యం, 480 గ్రాముల పప్పు, కిలో 200 గ్రాముల కూరగాయలు, 120 గ్రాముల నూనె. ఈ లెక్కను నాలుగు, ఐదు తరగతుల చేత రోజూ చేయించండి. హాజరు మారినప్పుడల్లా లెక్క మారుతుంది, గుణకారం దానంతటదే వస్తుంది.

తలల లెక్క 9:30కల్లా పలక మీద రాసి వంట చేసే అక్కకు అందాలి. ఆలస్యమైతే నిన్నటి లెక్కతో బియ్యం పడతాయి. గుడ్లు ఉడికించే ముందు నీళ్ల బకెట్లో వేయించండి. అడుగున పడుకున్నవి తాజావి, పైకి తేలినవి పారేయాలి. వడ్డించే ముందు మీరు, వీలైతే ఒక తల్లి, రుచి చూసి పుస్తకంలో సంతకం పెట్టండి. సబ్బును పాత వల సంచిలో పెట్టి కుళాయికి కడితే కాకులూ ఎత్తుకుపోవు, పిల్లలూ పారేయరు. 24 మంది ఒకే కుళాయి దగ్గర చేతులు కడగాలంటే పదిహేను నిమిషాలు పడుతుంది. కాబట్టి గుంపుల వారీగా, చిన్నవాళ్లను ముందు పంపాలి.

పనుల కాలంలో రాని పిల్లలు

పత్తి తీసే రోజుల్లో, మిరప కోతల్లో బడి సగం ఖాళీ అవుతుంది. తమ్ముణ్ని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయేది ఎక్కువగా మూడు, నాలుగు తరగతుల ఆడపిల్లలు. చిన్నపిల్లాణ్ని చంకనేసుకుని వచ్చినా సరే రమ్మనండి, వరండాలో ఒక చాప వేయండి. ఆ ఊళ్లో అంగన్‌వాడీ ఉంటే టీచరుతో మాట్లాడి ఆ పిల్లవాణ్ని పొద్దున్నే అక్కడ దింపేలా తల్లిని ఒప్పించండి. దీన్ని ఫోన్‌లో కాకుండా, సాయంత్రం కూలి నుంచి వచ్చాక ఇంటి ముందు కూర్చుని మాట్లాడాలి.

కుటుంబంతో వలస వెళ్లే పిల్లకు ఒక అట్ట ముక్క ఇచ్చి పంపండి. పేరు, తరగతి, చదవడంలో ఏ మెట్టు, లెక్కల్లో ఏ మెట్టు, చివరగా నేర్చుకున్న గుణింతం గుర్తు, ఇంతే. వెళ్లిన ఊళ్లో ఏ బడిలో కూర్చున్నా అక్కడి టీచరుకు మొదటి వారం ఆదా అవుతుంది. కార్డుల కట్ట ఒకటి, పలక ఒకటి కూడా సంచిలో పెట్టండి. తిరిగొచ్చాక వెంటనే పరీక్ష పెట్టొద్దు. మూడు రోజులు పాత గుంపుతో కూర్చోనిచ్చి, నాలుగో రోజు పక్కకు పిలిచి, మళ్లీ కింది మెట్టు నుంచి చూడండి.